కొస మీద రెండక్షరాలు

మా ఆడపడుచు వాళ్లు మిషిగన్‌లో ఉంటారు. పోయిన వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని ఆ రాష్ట్రంలోనే బాగా ఉత్తరానికి, సుపీరియర్ సరస్సు వైపు వెళ్లారు. అక్కడినుంచి నాకొక ఫొటో పంపింది. పేపరు ప్లేటులో దోరగా కాలిన పెద్ద కజ్జికాయ. అర్ధచంద్రాకారం, అంచు పొడుగునా మెలికలు, అన్నీ మన కజ్జికాయకున్నట్టే. కాకపోతే జానెడు పొడుగుంది. ‘వదినా, మీ అమ్మగారి కజ్జికాయ అమెరికా వచ్చి ఎలా ఒళ్లు చేసిందో చూడు’ అని కింద రాసింది.

లోపల కొబ్బరీ బెల్లమూ కాదట. మాంసం, బంగాళాదుంప, ఉల్లిపాయ. పేరు పాస్టీ. పేస్ట్రీ అనుకునేరు, అది కాదు, దీనికి రావొత్తు లేదు. రాత్రి ఫోన్ చేసి అడిగాను, అది అమెరికా వంటేనా అని. ‘కాదు వదినా, ఇక్కడ చాలామంది ఫిన్లాండ్ వాళ్ల వంట అంటున్నారు. హోటల్లో పెద్దావిడ మాత్రం ఒప్పుకోలేదు. ఇంగ్లండ్‌లో కార్నవాల్ అనే చోటినుంచి గని పనివాళ్లు తెచ్చారంది’ అని చెప్పింది.

గని అన్న మాట వినపడితే మా ఇంట్లో ఎవరికైనా కోలారే గుర్తొస్తుంది. మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, అక్కడ పనిచేశాడు. ఆ సంగతి తర్వాత చెప్తాను. ఆ ఒక్క మాట వల్లే ఒక వంటకం వెంటపడి రెండు నెలలపాటు దొరికిందల్లా చదివాను. మా వారు ‘ఇంత చదివావు, ఎప్పుడు చేసి పెడతావు’ అని అడుగుతూనే ఉన్నారు.

ముందు ‘పై’ గురించి రెండు మాటలు. మన భాషలో పై అంటే మీద. వాళ్ల భాషలో పై అంటే లోపల ఏదో ఉన్నది. పిండిని పలచగా వత్తి, లోపల కూరో మాంసమో పెట్టి మూసేసి కాల్చే వంట. మనకి టీవీలో కనిపించేది ఆపిల్ పై కాబట్టి తీపి వంటకం అనుకుంటాం గానీ, పాతకాలంలో ఎక్కువగా ఉప్పూకారాల సరుకే. ఇంగ్లండ్‌లో మధ్యయుగాల్లో పై గుల్లని ‘కాఫిన్’ అనేవాళ్లు. ఇప్పుడు ఆ మాటకి శవపేటిక అని అర్థం గానీ అప్పట్లో ఉత్త పెట్టె అనే. పిండే పెట్టె, పిండే గిన్నె. రెండో రిచర్డ్ రాజుగారి వంటవాళ్లు 1390 ప్రాంతంలో రాసిపెట్టిన ‘ఫోర్మ్ ఆఫ్ క్యూరీ’ అనే వంటల పుస్తకంలోనే ఈ పెట్టెలున్నాయి. స్పెయిన్‌లో గలీసియా వాళ్లకి ఎంపనాద ఉంది. ఫిన్లాండ్ వాళ్లు చేపల్ని రై పిండిలో పెట్టి కాల్చి కలకుక్కో అంటారు. మన సమోసా కూడా ఇక్కడ పుట్టింది కాదు. పర్షియా వైపునుంచి సంబూసక్‌గా వచ్చి, ముహమ్మద్ బిన్ తుగ్లక్ విందుల్లో ఉన్నట్టు ఇబన్ బతూతా రాశాడు. చుట్టూ చూస్తే, పిండిలో కూర పొదగాలనే ఆలోచన రాని దేశం తక్కువే అనిపిస్తుంది.

కానీ వీటిలో పాస్టీ కథ వేరు. మిగతావి ఎక్కువగా విందులకో సంతలకో బేకరీలకో చెందినవి. ఇది పొద్దున్నే లేచి ఇల్లాలు కట్టిచ్చే సద్దిమూట.

కార్నవాల్ ఇంగ్లండ్‌కి నైరుతి మూలన సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొస. టేమర్ అనే నది దాన్ని మిగతా దేశంనుంచి విడదీస్తుంది. దయ్యం కూడా ఆ నది దాటడానికి జంకేదట, అవతలి ఆడవాళ్లు దొరికినవన్నీ పాస్టీలో పెట్టేస్తారు, తనని కూడా పెట్టేస్తారేమో అని. నేల కింద తగరం, రాగి. వాటికోసం వందల ఏళ్లుగా తవ్వుతూనే ఉన్నారు. వాళ్ల పాత భాషలో గనిని ‘వీల్’ అంటారు. పేర్లు చూస్తే ముచ్చటేసింది. వీల్ జేన్, వీల్ మేరీ ఆన్. నేలలోకి దిగేది మగవాళ్లు, గనికి పేరు ఆడవాళ్లది.

ఆడవాళ్లు పేరుకి మాత్రమే ఉన్నారనుకోకండి. కార్నవాల్‌లో భూమి లోపల ఆడవాళ్లని పనికి పెట్టే అలవాటు లేదు గానీ, పైకి వచ్చిన రాయిని సుత్తులతో పగలగొట్టి, ఏరి, నలిపే పని వేలమంది ఆడపిల్లలది. వీళ్లని ‘బాల్ మెయిడెన్స్’ అనేవారు. బాల్ అన్నా గనే. పదేళ్లకో పన్నెండేళ్లకో చేరి, పెళ్లయ్యేదాకా ఆ సుత్తే. ఎండా గాలీ తగలకుండా ముఖం చుట్టూ గట్టి గుడ్డ టోపీ, ముందు తెల్లటి ఏప్రను. పాత ఫొటోల్లో వరసగా నిలబడి ఉంటారు. మగవాళ్ల కూలీతో పోలిస్తే వాళ్లకి దక్కేది చిన్న ముక్క. పెళ్లయ్యాక చాలామంది ఆ పని మానేసి, అదే గనికి మొగుడికి తిండి కట్టిచ్చే పనిలో పడేవాళ్లు. అంటే ఆ మూట ఎక్కడికి వెళ్తుందో, అక్కడ దుమ్మెంతో చలెంతో వాళ్లకి బాగా తెలుసు.

ఆ తిండి మొదట్లో పాస్టీ కూడా కాదు. మధ్యయుగాల్లో పాస్టీ అంటే జింక మాంసంతో గొప్పవాళ్లు తినేది. బీదవాళ్ల మూటలో ఉండేది ‘హాగన్’. బార్లీ పిండి ముద్ద, మధ్యలో దొరికితే బంగాళాదుంప ముక్కో కాస్త పంది మాంసమో. పళ్లు విరిగేంత గట్టిగా ఉండేదని చెప్పుకుంటారు. గోధుమ పిండి ఖరీదు. 1840ల్లో బంగాళాదుంప పంటకి తెగులు తగిలింది. 1847లో ధాన్యం ధరలు పెరిగితే కార్నవాల్ గని పనివాళ్లు గుంపులుగా సంతల మీద పడ్డారు. అలాంటి రోజుల్లో పాస్టీలో మాంసం ఎంత పెట్టేవాళ్లో ఊహించుకోవచ్చు. ఇప్పుడు పాస్టీ అని మనం ఫొటోల్లో చూస్తున్నది కాస్త రోజులు బాగుపడ్డాక పేదింటి వంటగదిలో స్థిరపడిన రూపం. చవకరకం గొడ్డుమాంసం, బంగాళాదుంప, ఉల్లిపాయ, ముల్లంగికీ నూల్‌కోల్‌కీ మధ్య రకంగా ఉండే స్వీడ్ అనే దుంప, ఉప్పు, మిరియాలు. అంతే. అన్నీ పచ్చివే తరిగి పెట్టి, పిండి మూసి, ఓవెన్‌లో నిదానంగా కాలుస్తారు. లోపలి ఊటలోనే కూర ఉడకాలి. మనం సమోసాకి కూర ముందే వండుకుంటాం కదా, ఇక్కడ అది తప్పు కింద లెక్క.

పాస్టీ గురించి అందరూ చెప్పే కథ ఒకటుంది. గనిలో తగరంతో పాటు ఆర్సెనిక్ అనే విషం ఉంటుంది. చేతులు కడుక్కునే వీల్లేదు. అందుకని అంచున ఆ లావాటి మెలిక పట్టుకుని తిని, చివరికి ఆ మెలికని పారేసేవాళ్లట. వినడానికి బాగుంది. కార్నవాల్‌లో ఆర్సెనిక్ విరివిగా తీసిన మాటా నిజమే. కానీ నాకు నమ్మబుద్ధి కాలేదు. పిండి ఖరీదు తెలిసిన ఏ ఇల్లాలైనా పారేయడానికని అంత పిండి మెలిక పెడుతుందా? తర్వాత చదివితే తెలిసింది. 1890ల్లో బరో అనే ఫొటోగ్రాఫరు కాంబోర్న్ చుట్టుపక్కల గనుల్లోకి దిగి, వెలుగు కోసం మందు మండించి ఫొటోలు తీశాడు. అందులో పనివాళ్లు భోజనానికి కూచున్నది ఉంది. పాస్టీని గుడ్డ సంచిలోనే పట్టుకుని, సంచిని కిందికి లాక్కుంటూ ఈ కొసనుంచి ఆ కొసదాకా తినేవాళ్లు. విషం తగలకుండా గుడ్డ కుట్టిందీ, ఆ గుడ్డని మళ్లీ ఉతికిందీ ఎవరో నేను చెప్పక్కర్లేదు.

ఇంకో అలవాటు మాత్రం నాకు చాలా నచ్చింది. పాస్టీ ఒక కొసన, కాల్చక ముందే, మొగుడి పేరులోని పొడి అక్షరాలు పిండితో అతికించేవాళ్లు. గని దగ్గర వెచ్చబెట్టడానికి అందరివీ ఒకచోట పెడితే కలిసిపోకుండా. అక్షరాలున్న కొస చివరికి మిగలాలి. రెండో కొసనుంచి తినడం మొదలుపెట్టి, సగంలో ఆపి పనికి వెళ్లినా, మిగిలిన ముక్క ఎవరిదో తెలుస్తుంది. ఇంట్లో నలుగురు పనికి వెళ్తే నాలుగు పాస్టీల మీద నాలుగు రకాల అక్షరాలు. ఒకడికి ఉల్లిపాయ పడదు, ఒకడికి మిరియాలు ఎక్కువ కావాలి. ఆ తేడాలన్నీ పైకి ఒకేలా కనిపించే పిండి గుల్లలో మూసి పంపేది.

చివరి తునక గనిలో ఉండే ‘నాకర్స్’ అనే మరుగుజ్జు దేవుళ్లకి వదిలేవాళ్లనీ అంటారు. గోడ కూలబోయే ముందు టకటక కొట్టి హెచ్చరించేది వాళ్లేనట. మనం కాకికి ముద్ద పెట్టమా, అలాగే. భయం ఉన్న చోట తిండిలో ఒక వాటా ఎవరికో ఒకరికి వెళ్తుంది. ఆ భయం ఉత్తదేం కాదు. 1919 అక్టోబరులో లెవాంట్ గనిలో మనుషుల్ని పైకీ కిందికీ చేరవేసే యంత్రం తెగి 31 మంది చనిపోయారు. పని దిగి పైకి వస్తున్నవాళ్లు. ఇంటి దగ్గర రాత్రి భోజనం పొయ్యి మీద ఉండి ఉంటుంది.

1866 నాటికి కార్నవాల్ రాగి ధర పడిపోయింది. గనులు వరసగా మూతపడ్డాయి. అంతకు ముందునుంచే కొంతమంది బయటి దేశాలకి వెళ్తున్నారు, ఇప్పుడు ఊళ్లకి ఊళ్లు కదిలాయి. 1861 నుంచి 1901 లోపల దాదాపు రెండున్నర లక్షలమంది కార్నవాల్ వదిలి వేరే దేశాలకి వెళ్లారని అంచనా. చిన్న జిల్లా లాంటి చోటు అది, అందులోంచి అంతమంది. భూమిలో ఎక్కడ గొయ్యి కనిపించినా దాని అడుగున ఒక కార్నవాల్ మనిషి ఉంటాడనే సామెత పుట్టింది. పరాయి దేశాల్లో వాళ్లని ‘కజిన్ జాక్’ అనేవారు. ఇంకో మనిషి కావాలా అంటే మా ఊళ్లో జాక్ అని నాకొక తమ్ముడున్నాడు, పిలిపిస్తాను అనేవాళ్లట. మన వాళ్లు అమెరికాలో చేసేది ఇదే కదా!

వాళ్లతో పాస్టీ కూడా వెళ్లింది. మిషిగన్‌లో 1840ల్లో రాగి గనులు మొదలైతే కార్నవాల్ వాళ్లు అక్కడికి పని నేర్పే వాళ్లుగా వెళ్లారు. తర్వాత ఫిన్లాండ్‌నుంచి వలస వచ్చినవాళ్లు గనుల్లో చేరి, పక్కవాడి మూటలో ఇది చూశారు. వాళ్ల ఇళ్లలో అప్పటికే ఆ తరహా వంటలున్నాయి కాబట్టి సులువుగా పట్టేసింది. ఇప్పుడు ఫిన్లాండ్ వంటే అని వాదించేవాళ్లు అందుకే ఉన్నారు. క్యారెట్ వెయ్యాలా వద్దా, మీద గ్రేవీనా కెచప్పా అని అక్కడ ఇళ్లల్లో తగువులట. ఆ రాష్ట్ర గవర్నరు జార్జ్ రామ్నీ 1968లో మే 24ని పాస్టీ దినంగా ప్రకటించాడు. దక్షిణ ఆస్ట్రేలియాలో మూంటా, కడినా, వాలరూ అనే రాగి ఊళ్లని చిన్న కార్నవాల్ అంటారు. అక్కడా బేకరీల్లో ఇదే.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది మెక్సికో. 1824లో లండన్‌లో ఒక కంపెనీ పెట్టి, రియల్ దెల్ మోంతే అనే కొండ ఊరిలో పాడుబడ్డ వెండి గనుల్ని తెరవడానికి కార్నవాల్ వాళ్లని పంపారు. 1825లో ఆవిరి యంత్రాల విడిభాగాలతో వెరాక్రూజ్ దగ్గర సముద్రపు ఒడ్డున దిగారు. దిగినవాళ్లని పచ్చజ్వరం పట్టుకుంది. చాలామంది కొండ ఎక్కకుండానే చనిపోయారు. మిగిలినవాళ్లు యంత్రాల్ని బండ్ల మీద పైకి చేర్చారు. అన్నీ చేసి, ఇరవై ఏళ్లు దాటాక ఆ కంపెనీ నష్టాలతో చేతులెత్తేసింది. గనులు మెక్సికో వాళ్ల చేతిలోకి వెళ్లాయి. కార్నవాల్ మనుషులు చాలామంది అక్కడే ఉండిపోయారు. కొండమీద వాళ్ల శ్మశానం ఇప్పటికీ ఉంది, పైన్ చెట్ల మధ్య.

పాస్టీ అక్కడ ‘పస్తే’ అయింది. మన భాషలో పస్తు అంటే తిండి లేకపోవడం, అక్కడ పస్తే అంటే కడుపు నిండా తిండి. తెలుగు బీయే చదివినందుకు ఇలాంటివి తడుతుంటాయి, ఏమనుకోకండి. లోపల మాంసం, బంగాళాదుంపతో పాటు మిరపకాయ చేరింది. తర్వాత చిక్కుడు గింజలు, మోలే అనే వాళ్ల మసాలా గుజ్జు, చివరికి అనాసపండు కూడా. పచూకా చుట్టుపక్కల రోడ్డు మీద, బస్టాండుల్లో అమ్ముతారు. రియల్ దెల్ మోంతేలో ఏటా పస్తే పండగ చేస్తారు, దానికొక మ్యూజియం కూడా పెట్టారు. ఇంగ్లండ్ చార్లెస్, రాజు కాకముందు 2014లో, అక్కడికి వెళ్లి పస్తే తిన్నాడు. అక్కడి పిల్లలకి అది మెక్సికో వంటే.

ఇక్కడిదాకా ఎక్కడ చదివినా దొరుకుతుంది. మగవాళ్లు వెళ్లారు, వంట వెళ్లింది, ఊళ్లు గెలుచుకుంది. నేను వెతుకుతూ పోయింది వెనక మిగిలినవాళ్ల గురించి. అందరు పెళ్లాలూ వెంట వెళ్లలేదు. ముందు నేను వెళ్లి కుదురుకుంటాను, తర్వాత నిన్ను పిలిపిస్తాను అని వెళ్లినవాళ్లు వేలల్లో. కొంతమంది పిలిపించారు. కొంతమంది డబ్బు పంపుతూ ఏళ్ల తరబడి అక్కడే ఉన్నారు. కొంతమంది ఉత్తరాలే మానేశారు. కార్నవాల్ ఊళ్లల్లో మొగుడు బతికుండగానే విధవల్లా బతికిన ఆడవాళ్లకి విడిగా ఒక పేరే ఉండేది, ‘పెళ్లయిన విధవలు’ అని. దక్షిణాఫ్రికా బంగారు గనులనుంచి టపా వచ్చే రోజు మీదే కాంబోర్న్, రెడ్రూత్ ఊళ్లల్లో అంగళ్ల బేరం ఆధారపడేది. కవరు రాకపోతే అంగట్లో అప్పు. అదీ పుట్టకపోతే పేదల సాయం కోసం ఊరి పెద్దల ముందు నిలబడాలి, మొగుడు ఎక్కడున్నాడో, ఎందుకు పంపలేదో వాళ్ల ప్రశ్నలకి జవాబు చెప్పాలి. ఆ ఇళ్లల్లో పాస్టీ మీద ఏ అక్షరాలు పెట్టేవాళ్లో అని నాకు అనిపించింది. పిల్లవాడు పదేళ్లకే గనికి వెళ్తుంటే వాడి పేరు పెట్టి ఉంటారు.

ఇక కోలార్. మెక్సికో కంపెనీ వెనక పెద్ద తలకాయ జాన్ టేలర్ అనే ఇంజనీరు. 1779లో పుట్టాడు, కార్నవాల్‌లో గ్వెన్నప్ అనే చోట పెద్ద రాగి గనులు నడిపాడు. 1863లో పోయాడు. జాన్ టేలర్ అండ్ సన్స్ అని వాళ్ల కుటుంబం సంస్థ ఆ పని కొనసాగించింది. 1880లో వాళ్లు మైసూరు రాజ్యంలో కోలార్ బంగారు గనుల పని చేపట్టారు. ఈ పేరు చదవగానే పుస్తకం పక్కన పెట్టేసి అమ్మకి ఫోన్ చేశాను. కేజీఎఫ్ సినిమా వచ్చాక పిల్లలందరికీ కోలార్ తెలుసు గానీ, మా అమ్మకి జాన్ టేలర్ కంపెనీ అన్న మాట చిన్నప్పటినుంచీ ఇంట్లో మాటే. ‘జాన్‌టేలర్ కంపినీ’ అంటుంది, అంతా ఒకే పేరు అన్నట్టు.

అక్కడికి కూడా కార్నవాల్ వాళ్లు వచ్చారు, గని పని చేయించే కెప్టెన్లుగా. కింద పనిచేసింది మాత్రం ఎక్కువగా ఆర్కాడు వైపు తమిళులు, మన చిత్తూరు వైపు తెలుగువాళ్లు. 1902లో శివసముద్రం జలపాతంనుంచి కరెంటు ఆ గనులకే తీసుకొచ్చారు, బెంగళూరుకన్నా ముందు. భూమిలోకి మూడు కిలోమీటర్లకి పైగా తవ్వారు. 1956లో మైసూరు ప్రభుత్వం తీసుకుంది. 2001 ఫిబ్రవరిలో మూతపడింది. కార్నవాల్‌లో చివరి తగరం గని సౌత్ క్రాఫ్టీ 1998లోనే మూసేశారు. మూడేళ్ల తేడాలో రెండు చోట్లా అయిపోయింది.

మా తాతయ్య 1940ల్లో, పంతొమ్మిదేళ్లకి కోలార్ వెళ్లాడు. కుప్పం దగ్గర పల్లె మాది. కుప్పంలో రైలెక్కి బంగారుపేటలో దిగి, అక్కడ చిన్న రైలు మారి మారికుప్పం. దూరం చూస్తే ఎంతో లేదు. కానీ నెల జీతగాడికి, అదీ పొలం పనులున్న ఇంటికి, రెండు మూడు నెలలకోసారి రావడమే. అమ్మమ్మ అత్తామామల దగ్గర ఉండిపోయింది. ఊళ్లోనుంచి ఎవరు కోలార్ వెళ్తున్నా సద్దిమూట కట్టి ఇచ్చేది. రాగి రొట్టెలు, చెనక్కాయల ఊరుబిండి, చింతకాయ తొక్కు, పండగైతే కజ్జికాయలు. తాతయ్య ఉండే గదిలో మన వైపువాళ్లు ఆరుగురు, అందరికీ ఇళ్లనుంచి మూటలే, అందరివీ పాత ధోవతి గుడ్డలే. అమ్మమ్మకి చదువు రాదు. అందుకని గుడ్డ కొసన ఎర్రదారంతో రెండు కుట్లు అడ్డంగా వేసేదట. ఇది నేను ఈ పాస్టీ సంగతి చెప్తేనే అమ్మ చెప్పింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. ‘నువ్వు అడిగితే కదా’ అంది.

ఆ ఫోన్‌లోనే ఇంకొకటీ చెప్పింది. ఒక ఏడాది అయిదు నెలలపాటు మనియార్డరు రాలేదట. ఉత్తరం లేదు. ఎవరిని అడిగినా ‘బాగానే ఉన్నాడు’ అనేవాళ్లు, కళ్లు తిప్పుకుని. స్నేహితుడి అప్పుకి పూచీ ఉండి, వాడు ఎగ్గొడితే జీతమంతా దానికే పోతోందని తర్వాత ఎప్పుడో తెలిసింది. సిగ్గుతో చెప్పలేదు. అమ్మమ్మ వెండి కడియాలు అమ్మింది. అత్తగారి మాటలు సరేసరి. మా అమ్మకి అప్పుడు ఊహ తెలియదు, పెద్దమ్మ చెప్పగా విన్నది. ఆ అయిదు నెలలూ అమ్మమ్మ మూట పంపడం మాత్రం మానలేదు. ఇంట్లో రాగులు కొలిచి వాడుకుంటున్న రోజుల్లో. పెద్దమ్మ పెద్దయ్యాక అడిగిందట, డబ్బు పంపని మనిషికి రొట్టెలెందుకు పంపావు అని. ‘తిన్నాడో లేదో’ అని ఊరుకుందట అమ్మమ్మ.

నేను అమ్మమ్మ దగ్గర వేసవి సెలవులన్నీ గడిపాను. కథలు చెప్పించుకున్నాను, జడ వేయించుకున్నాను. ఈ అయిదు నెలల సంగతి అడగడం నాకు తెలియలేదు. పాస్టీ గురించి, ఎక్కడో రెడ్రూత్ ఆడవాళ్ల గురించి రెండు నెలలు చదివితే గానీ మా ఇంటి సంగతి బయటికి రాలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు.

మెక్సికోలోలా పాస్టీ మా వైపు దిగలేదు. కోలార్‌కి దగ్గర ఊళ్లల్లో మాకు చుట్టాలున్నారు, ఏ ఇంట్లోనూ చూడలేదు. దొరల బంగళాలు ఒక వైపు, కూలీ లైన్లు ఒక వైపు. ఒక వంట పక్కింటికి వెళ్లాలంటే ఇద్దరు ఆడవాళ్లు గుమ్మంలో నిలబడి ‘ఇందులో ఏం వేశావు’ అని అడుక్కునే చోటు ఉండాలని నాకనిపిస్తుంది. రియల్ దెల్ మోంతేలో ఆ గుమ్మం ఎక్కడో దొరికింది.

2011లో యూరప్ వాళ్లు కార్నిష్ పాస్టీకి రక్షణ ఇచ్చారు, మన తిరుపతి లడ్డుకీ బందరు లడ్డుకీ ఉన్న గుర్తింపు లాంటిది. కార్నవాల్‌లో చేస్తేనే ఆ పేరు. మాంసం కనీసం పన్నెండున్నర శాతం, కూరగాయలు కనీసం పాతిక శాతం, మెలిక పక్కనే ఉండాలి, నెత్తిమీద ఉండకూడదు. ఆ కాగితం నియమాల్లో అక్షరాల సంగతి లేదు. ఎవరికోసం చేస్తున్నామో తెలియని బేకరీ పాస్టీ మీద ఏ అక్షరం పెడతారు?

పోయిన ఆదివారం చేశాను మొత్తానికి. మైదాలో వెన్న కలిపి, చన్నీళ్లతో తడిపి, గంట పక్కన పెట్టాను. స్వీడ్ మనకి దొరకదు, నూల్‌కోల్ వేశాను. మాంసం బదులు నాకూ అమ్మకీ పుట్టగొడుగులు, మా వారికీ అబ్బాయికీ మటన్ కీమా. కూరగాయలు కీమా కలిసి పచ్చివే పెట్టాలంటే చెయ్యి ఆగిపోయింది, ఉడుకుతుందా అని. ఓవెన్‌లో యాభై నిమిషాలు పట్టింది. ఒకటి పగిలి ఊటంతా ట్రే మీదికి వచ్చింది. మెలిక మాత్రం అమ్మ చేసింది. నా చేతిలోంచి లాక్కుని, కజ్జికాయకి తిప్పినట్టు బొటనవేలితో తిప్పుకుంటూ పోయింది, నేను ఒకటి చేసేలోపు మూడు.

మిగిలిన పిండితో అక్షరాలు చేశాను. మా వారిది, అబ్బాయిది, నాది. అమ్మ దానికి ఏం పెట్టాలని అడిగితే వద్దంది. తర్వాత ఆవిడే పిండి సన్నగా నులిమి రెండు పుల్లలు చేసి, కొసన అడ్డంగా పెట్టింది. ఓవెన్‌లోంచి తీశాక ఒక కొస తుంచి నోట్లో వేసుకుని, ‘కారం చాల్లేదు. మీ అమ్మమ్మయితే ఇంకో రెండు మిరపకాయలు దంచేది’ అంది.